ఆర్మర్ అంటే కవచమేనా? ఎక్కడ ఏ మాట వాడాలి

తమ్ముడూ, నీ ప్రశ్న రెండుసార్లు చదివాను. అచ్చంపేట దగ్గర ఉండి పోటీ పరీక్షలకు చదువుతున్నావు, అనువాదం పేపర్ కోసం ఒక ఇంగ్లిష్ పేరా తెలుగులోకి మార్చావు, అందులో ఆర్మర్ అనే మాట నాలుగుచోట్ల వచ్చింది. నువ్వు పర్యాయపదాల పుస్తకం ముందు పెట్టుకుని సైనికుడికి వర్మం, బండికి తనుత్రాణం, తాబేలుకి కంచుకం, నాలుగోచోట కవచం అని రాస్తే కోచింగ్‌లో సారు నాలుగూ ఎర్రపెన్నుతో కొట్టేశాడు, ఎందుకో చెప్పలేదు. పుస్తకంలో ఉన్న మాటలే కదా, వాడితే తప్పేముంది, అసలు రోజూ మాట్లాడేటప్పుడు మనం దీన్ని ఏమంటాం అని నీ బాధ.

నేను నల్లగొండ జిల్లాలో 28 ఏళ్ళు తెలుగు చెప్పాను, అందులో సగం కాలం పిల్లల అనువాదాలు దిద్దడంతోనే గడిచింది. కాబట్టి కొంచెం పొడుగ్గానే చెప్తా, ఓపికగా చదువు. నీ కష్టం వృథా కాలేదు, మాటలన్నీ నిజమైనవే పట్టుకొచ్చావు. కానీ పర్యాయపదాలు అంటే వాటి అర్థం ఒకటే అని మాత్రమే, ఒకదాని జాగాలో ఇంకోటి పెట్టొచ్చని కాదు. ఇంగ్లిష్‌లో ఆర్మర్ అనే ఒక్క మాట సైనికుడి ఒంటికి, ట్యాంకుకి, తాబేలుకి, కరెంటు కేబుల్‌కి, ఆఖరికి మనిషి మనసుకి కూడా సరిపోతుంది. తెలుగు అట్లా కాదు. ఒంటిమీద తొడుక్కునేదానికి ఒక మాట, చేత్తో పట్టుకునేదానికి ఇంకో మాట, పుట్టుకతో వచ్చేదానికి వేరే మాట, మిషన్‌కి బిగించేదానికి మళ్ళీ వేరే. ముందు అది ఎవరి ఒంటిమీద ఉంది, దేన్ని ఆపుతుంది అని చూడు, మాట దానంతట అదే దొరుకుతుంది.

సరే, మొదట నీ పుస్తకంలో ఉన్న లిస్టు సంగతి. అది అమరకోశం అనే పాత సంస్కృత నిఘంటువు నుంచి వచ్చింది. తనుత్రం, వర్మ, దంశనం, ఉరశ్ఛదం, కంకటకం, జాగరం, కవచం, ఈ ఏడూ అక్కడ ఒకే వరసలో ఉంటాయి, వాటికి కొంచెం ముందు తలకు పెట్టుకునేదానికి శీర్షణ్యం, శిరస్త్రం అని రెండు మాటలు ఉంటాయి. ఈ ఏడింటిలో ఈరోజు మామూలు తెలుగు వాక్యంలో నిలబడేది కవచం ఒక్కటే. మిగిలిన ఆరూ పద్యానికి, ప్రబంధానికి, పరీక్షలో ఒక మార్కు ప్రశ్నకు పనికొస్తాయి. అంతమాత్రాన అవి చచ్చిపోయిన మాటలు అనుకోకు. ఇక్కడే నాకు చాలా ఇష్టమైన సంగతి ఉంది, నా పిల్లలకు ఏటా చెప్పేవాణ్ణి.

పేపర్లో రోజూ చదువుతావు కదా, ఎన్నికలకు సన్నాహాలు, వానాకాలం సాగుకు రైతులు సన్నద్ధం అని. ఈ సన్నద్ధం అనే మాటకు అసలు అర్థం కవచం కట్టుకుని ఉన్నవాడు అని. నహ్ అంటే సంస్కృతంలో కట్టడం, బిగించడం. సం అనేది ముందు చేరితే గట్టిగా, అన్నివైపులా కట్టడం. అమరకోశంలోనే సన్నద్ధుడు, వర్మితుడు, సజ్జుడు, దంశితుడు అని కవచం తొడుక్కున్నవాడికి పేర్లు చెప్పారు. యుద్ధానికి పోయేవాడు అన్నీ అయ్యాక చివరికి చేసే పని కవచం బిగించుకోవడం, అది అయిందంటే ఇక బయలుదేరడమే. అందుకే కాలం పోయినకొద్దీ కవచం జారిపోయి తయారుగా ఉండడం అనే అర్థం మాత్రం మిగిలింది. ఆ మాటలో కవచం ఉందని తెలియకుండానే మనం రోజూ వాడుతున్నాం. పాత కావ్యాల్లో సన్నాహం అంటే నేరుగా కవచమే అని అర్థం వచ్చే చోట్లు కూడా ఉన్నాయి, చదివేటప్పుడు గుర్తుపెట్టుకో.

వర్మ కూడా అంతే. వృ అంటే కప్పడం, ఆవరణం, ఆవృతం అనే మాటలు దానినుంచే వచ్చాయి. ఒంటిని కప్పి కాపాడేది వర్మం. రాజు ప్రజలకు అట్లాంటివాడు కావాలని రాజుల పేర్ల చివర వర్మ చేరింది. దీనికి మనం కంచి దాకా పోయి మహేంద్రవర్మనో నరసింహవర్మనో చూడాల్సిన పని లేదు, మన రామన్నపేట దగ్గర తుమ్మలగూడెంలో, ఇంద్రపాలగుట్ట దగ్గర దొరికిన విష్ణుకుండినుల రాగిరేకుల్లో గోవిందవర్మ, విక్రమేంద్రవర్మ అని ఉన్నాయి. పదిహేను వందల ఏళ్ళ నాటి మన ఉమ్మడి నల్లగొండ జిల్లా రాజుల పేర్లలోనే కవచం ఉంది. కాబట్టి వర్మ అనే మాట ఈరోజు చదివేవాడికి మనిషి పేరుగానే వినిపిస్తుంది. నువ్వు సైనికుడు వర్మమును ధరించెను అని రాస్తే వ్యాకరణం తప్పు కాదు, కానీ చదివేవాడు ఒక్క క్షణం ఆగి ఇదేంటి అనుకుంటాడు. అనువాదంలో ఆ ఆగడమే తప్పు.

తనుత్రాణం చూడు. తనువు అంటే ఒళ్ళు, త్రాణం అంటే కాపాడడం. తలకు శిరస్త్రాణం, వేళ్ళకు అంగుళిత్రాణం. ఇందులో త్రాణ అనే ముక్క మనింట్లో ఇంకో రకంగా బతికే ఉంది. జ్వరం వచ్చి తగ్గినవాణ్ణి అడుగు, ఒంట్లో త్రాణ లేదు అంటాడు. అక్కడ దాని అర్థం సత్తువ. అంటే బండికి తనుత్రాణం అని నువ్వు రాసినప్పుడు ఇంకో తప్పు కూడా జరిగింది, తనువు ఉన్నవాళ్ళకే తనుత్రాణం, బండికి తనువు ఎక్కడిది?

కంచుకం గురించి మాత్రం నీ ఊహ దగ్గరికి పోయి తప్పింది. కంచుకం అంటే కవచమూ అవుతుంది, చొక్కా అవుతుంది, ఆడవాళ్ళ రవిక అవుతుంది, పాము విడిచే కుబుసం కూడా అవుతుంది. ఇన్నింటిలో కామన్‌గా ఉన్నది ఒక్కటే, అది పైన తొడుక్కుని మళ్ళీ విప్పేయగలిగేది. తాబేలు దాని డిప్పను విప్పలేదు. అందుకే తాబేలుకి కంచుకం పొసగదు. ఈ తేడా పట్టుకున్నావంటే నీకు సగం సంగతి అర్థమైనట్టే.

ఇవన్నీ సంస్కృతం నుంచి తెచ్చుకున్నవి. అచ్చ తెలుగులో లేవా అంటే ఉన్నాయి, రెండు మంచి మాటలు ఉన్నాయి. ఒకటి మైమరువు. మై అంటే ఒళ్ళు, మరువు అంటే కప్పేది, మరుగు చేసేది. ఎంత చక్కగా ఉందో చూడు, తనుత్రాణానికి ఏమాత్రం తీసిపోదు. పాత కావ్యాలు చదివితే కనిపిస్తుంది. కానీ ఈరోజు రాస్తే నూటికి తొంభైమంది మైమరపు అని చదువుకుంటారు, అది ఒళ్ళు మరిచిపోవడం, దీనికి దానికి సంబంధం లేదు. ఒకసారి ఇంటర్ పిల్లవాడొకడు పద్యానికి అర్థం రాస్తూ యోధులు మైమరువులు పూని అన్నదానికి యోధులు పరవశించి అని రాశాడు. రెండోది జోడు. జోడు అంటే జత అనీ చెప్పులనీ అందరికీ తెలుసు, మన ఊళ్ళలో పెద్దవాళ్ళు ఇప్పటికీ జోళ్ళు అంటారు. కానీ జోడుకి కవచం అనే అర్థం కూడా ఉంది, బ్రౌన్ నిఘంటువులో కూడా చూడొచ్చు. పాత కథల్లో జోడు తొడిగి గుర్రమెక్కాడు అని వస్తే చెప్పులు వేసుకున్నాడని అనుకోకు.

ఉర్దూ కూడా మన దగ్గర మాటే కాబట్టి అదీ చెప్తా. ఇనుప కడియాలతో అల్లిన అంగీని జిరహ్ అంటారు, కవచాన్ని బఖ్తర్ అంటారు, తూటా దూరని బండి బఖ్తర్‌బంద్ గాడీ. నల్లగొండలో ఉర్దూ వార్తలు వినే నా మిత్రుడి నోట ఈ మాట ఎన్నోసార్లు విన్నాను. ఛాతీకి, వీపుకి, రెండు పక్కలకి నాలుగు రేకులు బిగించే రకాన్ని చార్ ఆయినా అనేవాళ్ళు, అంటే నాలుగు అద్దాలు, రేకులను అంత నున్నగా మెరిసేటట్టు చేసేవాళ్ళు. ఎప్పుడైనా హైదరాబాద్ పోతే సాలార్‌జంగ్ మ్యూజియంలో ఆయుధాల గ్యాలరీ తప్పకుండా చూడు. కవచం అనే మాటను వంద సార్లు చదివినదాని కంటే ఒక ఇనుప అంగీని దగ్గరగా ఒక్కసారి చూస్తే, మే నెల ఎండలో దాన్ని మోసినవాడి భుజాలు ఎట్లా ఉండేవో తెలుస్తుంది.

ఇప్పుడు అసలు మాట కవచం. ఇది మన జనంలోకి పుస్తకంలోంచి రాలేదు, భారతంలోంచి వచ్చింది. చదువు రాని మా నాయనమ్మకు కూడా కర్ణుడి కవచకుండలాలు తెలుసు. మా ఊళ్ళో బాగోతం ఆడేటప్పుడు కర్ణుడి వేషం వేసేవాడు అట్టకు బంగారు కాగితం అంటించి ఛాతీకి కట్టుకునేవాడు, ఇంద్రుడు బ్రాహ్మడి వేషంలో వచ్చి అడిగినప్పుడు దాన్ని చీల్చి తీసి ఇచ్చేవాడు, అప్పుడు ముందు వరసలో కూర్చున్న ఆడవాళ్ళు కొంగుతో కళ్ళు ఒత్తుకునేవాళ్ళు. ఎందుకంటే అది తొడుక్కున్న కవచం కాదు, పుట్టుకతో వచ్చింది, చర్మంతో కలిసి ఉన్నది. అట్లా కోసి ఇచ్చినందుకే అతనికి వైకర్తనుడు అనే పేరు వచ్చింది. సహజ కవచం అనే మాటను మనవాళ్ళు వాడేటప్పుడు ఈ కథ వెనకాల ఉంటుంది.

భారతంలోనే ఇంకో రెండు చోట్లు నీకు పనికొస్తాయి. అర్జునుడు చంపిన నివాతకవచులు అనే రాక్షసులు ఉన్నారు. నివాతం అంటే గాలి ఆడనిది, గాలి కూడా దూరనంత బిగువైన కవచం ఉన్నవాళ్ళు అని ఆ పేరు. ఇంకోటి ద్రోణపర్వంలో, సైంధవుణ్ణి కాపాడుకునే రోజున ద్రోణుడు దుర్యోధనుడికి మంత్రించిన కవచం కడతాడు. అర్జునుడి బాణాలు దానికి తగిలి పడిపోతుంటాయి. అప్పుడు అర్జునుడు కవచాన్ని కొట్టడం మానేసి అది కప్పని చోటు వెతికి అరచేతుల మీద కొడతాడు. గమనించు, అక్కడ ద్రోణుడు కవచం కట్టాడు. పాత వాడుకలో కవచానికి కట్టడమే క్రియ, సన్నద్ధంలో ఉన్నది కూడా ఆ కట్టడమే. ఇప్పటి తెలుగులో కవచం తొడుక్కోవడం, ధరించడం, వేసుకోవడం అంటాం. తీసేటప్పుడు విప్పడం అనాలి. తొలగించడం అని రాస్తే ఆఫీసు కాగితంలాగా ఉంటుంది.

కవచం అనగానే ఇంట్లో ఆడవాళ్ళకు, పెద్దవాళ్ళకు ముందు గుర్తొచ్చేది యుద్ధం కాదు, స్తోత్రం. దేవీ కవచం, శివ కవచం, ఆంజనేయ కవచం. భాగవతం ఆరో స్కంధంలో విశ్వరూపుడు ఇంద్రుడికి చెప్పేది నారాయణ కవచం. ఇట్లాంటివి చాలావరకు ఒకే పద్ధతిలో నడుస్తాయి, నెత్తి నుంచి పాదాల దాకా ఒక్కో అవయవం పేరు చెప్పి దాన్ని ఫలానా దేవత కాపాడుగాక అంటూ పోతాయి. కళ్ళను ఒకరు, గొంతును ఒకరు, మోకాళ్ళను ఒకరు. మాటలతోనే ఒళ్ళంతా కప్పేస్తారు అన్నమాట, అందుకే దానికి ఆ పేరు. మంచం పట్టిన మనిషి పక్కన కూర్చుని ఒకరు ఇది చదువుతుంటే విన్నవాళ్ళకు ఆ మాట బరువు తెలుస్తుంది. గుడిలో విగ్రహానికి తొడిగే వెండి, బంగారు తొడుగు కూడా కవచమే. తిరుమలలో జ్యేష్ఠాభిషేకం మూడు రోజుల్లో మొదటిరోజు వజ్ర కవచం, రెండోరోజు ముత్యాల కవచం, మూడోరోజు స్వర్ణ కవచం వేస్తారు. ఈ అర్థంలో కవచం తప్ప ఇంకే మాటా పెట్టకూడదు. మెడలో, దండచేతికి కట్టుకునేదాన్ని మాత్రం మనం తాయెత్తు, రక్షరేకు అంటాం.

డాలుకి, కవచానికి తేడా నీకు తెలిసే ఉంటుంది, అయినా చెప్తా, ఎందుకంటే ఈ తప్పు చాలామంది చేస్తారు. డాలు చేత్తో పట్టుకుని దెబ్బకు అడ్డం పెట్టేది, కవచం ఒంటికి అంటుకుని ఉండేది. కేడెం, ఖేటకం, ఫలకం ఇవన్నీ డాలు పేర్లు. మన ఊళ్ళ పొలిమేరల్లో వీరగల్లులు ఉంటాయి కదా, నేను చూసినవాటిలో చాలావరకు వీరుడి ఒంటిమీద కవచం కనిపించదు, చేతిలో కత్తి, డాలు ఉంటాయి. మామూలు బంటుకి ఇనుప కవచం ఎవరిస్తారు, డాలే దిక్కు. అయితే పేపర్లో వచ్చే మానవ కవచం అనే మాట సంగతేంటి అని అడుగుతావు. లెక్క ప్రకారం అది మానవ డాలు కావాలి, మనుషుల్ని ముందు అడ్డం పెట్టుకోవడం కాబట్టి. కానీ జర్నలిస్టులు ఏళ్ళ తరబడి మానవ కవచం అని రాసి రాసి అది కుదురుకుంది, ఇప్పుడు దాన్ని మార్చాలని పట్టుబట్టడం అనవసరం, పరీక్షలో వస్తే అదే రాయి.

రక్షణ కవచం అనే జంట కూడా అట్లాంటిదే. కవచం అంటేనే రక్షించేది, మళ్ళీ రక్షణ ఎందుకు అని నేను కొత్తలో పిల్లల నోట్సుల్లో కొట్టేసేవాణ్ణి. తర్వాత నాకే తప్పనిపించి మానేశాను. నిజంగా తొడుక్కునేది కాకుండా పోలికగా చెప్పేటప్పుడు జనం రక్షణ అని ముందు చేరుస్తారు, ఓజోన్ పొర భూమికి రక్షణ కవచం, చెట్లు ఊరికి రక్షణ కవచం. 2020లో కరోనా వచ్చినప్పుడు మాస్కే రక్షణ కవచం అని ప్రతి గోడమీద కనిపించింది. ఆ రక్షణ అనే మాట అది పోలిక అని గుర్తు చేస్తుంది. కాబట్టి పోలికకు రక్షణ కవచం, నిజమైనదానికి ఉట్టి కవచం. ఇది నేను పెట్టుకున్న లెక్క, ఇప్పటిదాకా తప్పలేదు.

ఇక తాబేలు. ఇక్కడ నాకు కొంచెం కోపం కూడా వస్తుంది, నీమీద కాదు, ఈ మధ్య వస్తున్న అనువాదాల మీద. పిల్లల పుస్తకంలో తాబేలు తన కవచంలోకి దూరింది అని రాస్తున్నారు. తాబేటి డిప్ప అనే మాట ఉండగా కవచం ఎందుకు? తెలుగులో ప్రకృతి తొడిగిన ప్రతిదానికీ పేరు ఉంది. గుడ్డుకు పెంకు, చేపకు పొలుసు, కొబ్బరికి చిప్ప, వడ్లకు ఊక, పల్లికాయకు పొట్టు, చెట్టుకు బెరడు, బత్తాయికి తొక్క. నత్తకు గుల్ల. అచ్చంపేట పక్కన ఉన్నావు కాబట్టి నల్లమలలో ఉండే అలుగు గురించి వినే ఉంటావు, ఒళ్ళంతా పొలుసులతో, భయమేస్తే ఉండచుట్టుకుని బంతిలాగా పడుకునే జంతువు. ఇంగ్లిష్‌వాడు దాన్ని చూసి ఆర్మర్ అంటాడు, మనం పొలుసులు అంటాం. మీ దిక్కు బాలానగర్ సీతాఫలం తొక్కమీద గుబ్బలను కండ్లు అంటారు, పండు పక్వానికి వస్తే కండ్లు తెరిచింది అంటారు. ఇంత చూపు ఉన్న భాషలో అన్నింటికీ ఒకే కవచం తొడగడం నాకు నచ్చదు. ఒక్క శాస్త్రం పుస్తకంలో మాత్రం మినహాయింపు ఉంది. గింజ పైపొరను బీజకవచం, కాయ పైపొరను ఫలకవచం అని పాఠ్యపుస్తకాల్లో స్థిరపరిచారు, అవి పారిభాషిక పదాలు, అక్కడ వాటినే వాడాలి. ఆముదం గింజను చేతిలోకి తీసుకుని చూడు, మచ్చలు మచ్చలుగా గట్టిగా నిగనిగలాడే ఆ పైపొరే బీజకవచం.

మిషన్ల దగ్గరికి వస్తే జనం ఆర్మర్ అనే మాటనే వాడేస్తున్నారు, అది తెలుగే అయిపోయింది. బోరు దగ్గరికి భూమిలోంచి కరెంటు తీసుకపోవాలంటే ఎలక్ట్రీషియన్ ఆర్మర్ కేబుల్ తెమ్మంటాడు. తీగల మీద తొడుగు, ఆ తొడుగు మీద ఇనుప తీగలో ఇనుప పట్టీలో చుట్టి, మళ్ళీ పైన ఇంకో తొడుగు ఉంటుంది, పందికొక్కు కొరికినా గడ్డపార తగిలినా లోపలి తీగ బతకాలని. దాన్ని కవచ కేబుల్ అని రాస్తే షాపులో ఎవరికీ అర్థం కాదు. బోరులో పైన వదులు మట్టి కూలకుండా బండ తగిలేదాకా దించేది కేసింగ్ పైపు, అది బోరు గుంతకు కవచమే, కానీ మాట కేసింగ్. మిక్సీ కాలిపోతే మెకానిక్ ఆర్మేచర్ పోయింది అంటాడు కదా, ఆ ఆర్మేచర్, ఈ ఆర్మర్ రెండూ ఒకే తల్లి బిడ్డలు, లాటిన్‌లో అర్మతూర అనే మాట నుంచి వచ్చాయి. దానికి మూలం అర్మ, అంటే ఆయుధాలు.

ఆ మూలం వల్లనే ఒక పెద్ద పొరపాటు జరుగుతుంటుంది, నీ రెండో వాక్యం చూస్తే నువ్వు దాన్ని తప్పించుకున్నావు, సంతోషం. ఆర్మ్‌డ్ వేరు, ఆర్మర్డ్ వేరు. ఆర్మ్‌డ్ అంటే ఆయుధం ఉన్నది, సాయుధ. ఆర్మర్డ్ అంటే కవచం ఉన్నది. ఆర్మర్డ్ వెహికల్‌ని సాయుధ వాహనం అని రాస్తే అర్థం మారిపోతుంది, తుపాకీ ఉండి రేకు మామూలుదైనా అది సాయుధ వాహనమే, తుపాకీ ఏమీ లేకుండా తూటా దూరని బ్యాంకు క్యాష్ బండి కూడా కవచ వాహనమే. పేపర్లో అయితే కవచ వాహనం, మాట్లాడేటప్పుడు బులెట్ ప్రూఫ్ బండి.

మన పక్కనే దీని పరిశ్రమ ఉందని కూడా తెలుసుకో. అర్జున్ ట్యాంకుకి తొడిగిన కవచం పేరు కంచన్, దాన్ని తయారుచేసిన రక్షణ శాఖ లోహ పరిశోధన సంస్థ డీఎంఆర్ఎల్ ఉన్నది హైదరాబాద్ కంచన్‌బాగ్‌లో, ఆ పేరే దానికి వచ్చింది. బంగారం అనే అర్థం వచ్చే పేరు ట్యాంకు కవచానికి కుదరడం నాకు ఎప్పుడూ కర్ణుణ్ణి గుర్తుచేస్తుంది. అక్కడే ఉన్న మిధాని అనే లోహాల సంస్థ భాభా కవచ్ అనే బులెట్ ప్రూఫ్ జాకెట్ చేస్తుంది. ఎద్దుమైలారం ఫ్యాక్టరీలో సైనికులను మోసుకెళ్ళే కవచ వాహనాలు తయారవుతాయి. రైళ్ళు గుద్దుకోకుండా ఆపే వ్యవస్థకు కూడా కవచ్ అనే పేరు పెట్టారు, 2022 మార్చిలో దాన్ని మన దక్షిణ మధ్య రైల్వేలో గుల్లగూడ, చిట్టిగిద్ద స్టేషన్ల మధ్య రెండు ఇంజిన్లను ఎదురెదురుగా నడిపి పరీక్షించారు. ఇక్కడ ఒక చిన్న సలహా, పేరుగా వచ్చినప్పుడు కవచ్ అనే రాయి, దాన్ని కవచం చేయకు. పేరు పేరే.

రోజువారీ మాటల్లో ఏమంటాం అన్నావు. నిజం చెప్పాలంటే మనం నోటితో కవచం అని వస్తువును పిలిచే సందర్భం గుడి తప్ప ఇంకోటి లేదు. హైవే మీద బోర్డుమీద శిరస్త్రాణం ధరించండి అని ఉంటుంది, ఇంట్లో తల్లి మాత్రం బిడ్డా హెల్మెట్ పెట్టుకపో అంటుంది. పోలీసులు బులెట్ ప్రూఫ్ ఏసుకుండ్రు అంటాం. ఫోన్‌కి పౌచ్ ఏసినవా, గ్లాస్ ఏపించినవా అంటాం. మెత్తకు, అంటే తలదిండుకు, గలీబు. కత్తికి ఒర. వానలో గొర్లు కాసే మనిషి గొంగడిని కొప్పెర పెట్టుకుంటాడు, చలికీ ఎండకీ వానకీ ముల్లుకీ అదే కాపాడుతుంది, నా దృష్టిలో పాలమూరు మనిషి తొడుక్కున్న అసలు కవచం అదే, కానీ దాన్ని ఎవరూ కవచం అనలేదు, గొంగడి అనే అన్నారు. తొడుగు అనే మాట కూడా మరిచిపోకు, ఏ పేరూ తట్టనప్పుడు అది చాలాచోట్ల ఆదుకుంటుంది. చేతి తొడుగు, ఇనుప తొడుగు, కేబుల్ తొడుగు, ఎక్కడ పెట్టినా అర్థమవుతుంది, ఎవరికీ ఎబ్బెట్టుగా ఉండదు.

ఇప్పుడు నీ నాలుగు వాక్యాలు. మొదటిది, ఎడారి ఎండలో కూడా సైనికులు ఆర్మర్ వేసుకునే నడిచారు. ఎండ మాడుస్తున్నా సైనికులు కవచాలు విప్పకుండానే నడిచారు. విప్పకుండానే అనేది ఇంగ్లిష్‌లో లేదు, కానీ భావం ఉంది, తెలుగులో అట్లా చెప్తేనే వాళ్ళ కష్టం తెలుస్తుంది. రెండోది, వాళ్ళ వెనక ఆర్మర్డ్ బండ్లు వచ్చాయి. వాళ్ళ వెనకాల కవచ వాహనాలు వచ్చాయి. మూడోది, ప్రమాదం కనిపిస్తే తాబేలు ఆర్మర్‌లోకి ముడుచుకుంటుంది. ఏదైనా అలికిడి అయితే తాబేలు డిప్పలోకి ముడుచుకుంటుంది.

నాలుగోది నిజంగా కష్టమైనది, అందులో నువ్వు కవచం అని రాసినా సారు కొట్టేశాడు అంటే కారణం ఉంది. ఆ సేనాపతికి కోపమే అతని ఆర్మర్‌లో సందు అని ఉంది, నువ్వు కోపము అతని కవచములో రంధ్రము అని రాశావు. తెలుగువాళ్ళు అట్లా అనరు. మనిషిని పడగొట్టగల చోటును మనం ఆయువుపట్టు అంటాం. శత్రువులకు అతని కోపమే ఆయువుపట్టుగా దొరికింది, అని రాయి. కవచం అనే మాటే లేదు కదా అని భయపడకు. అదే పేరాలో ముందు దుర్యోధనుడి కవచం కథ ఉండుంటే, అప్పుడు కవచం కప్పని చోటు అని రాసినా అందంగా ఉండేది, అరచేతులు గుర్తొచ్చేవి. నీ పేరాలో ఆ కథ లేదు కాబట్టి ఆయువుపట్టు చాలు. ఈ నాలుగూ ఒకసారి నీ చేత్తో మళ్ళీ రాసి సారుకి చూపించు, ఈసారి కూడా కొట్టేస్తే ఏ మాట దగ్గర కొట్టాడో నాకు రాయి, అప్పుడు దాన్ని పట్టుకుని మాట్లాడుకుందాం.